ఇంట్లో నల్లిని గుర్తుపట్టండి - పొలం మందు మాత్రం చల్లకండి

పగలంతా చేలో నడుం వంచి పనిచేసిన మనిషికి రాత్రి కంటినిండా నిద్ర కావాలి. ఆ నిద్రను పాడు చేసే పురుగు నల్లి. నల్లి బాధ మీద మన చాటుకవులు పద్యాలే చెప్పారంటే అది ఎంత పాతదో అర్థం చేసుకోవచ్చు. మధ్యలో కొన్నేళ్లు తగ్గినట్లు కనిపించిన ఈ పురుగు ఇప్పుడు మళ్లీ ఇళ్లలో చేరుతోంది. 2023లో పారిస్ నగరంలో రైళ్లు, సినిమాహాళ్లు, హోటళ్లలో నల్లులున్నాయని జనం బెంబేలెత్తారు. అంతటి నగరానికి తప్పనిది మన పల్లెకు తప్పుతుందా?

ముంబయి జాతీయ రహదారి మీద ఉన్న రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లకు నల్లి సంగతి మరింత ముఖ్యం. ఇక్కడ ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో పనికి బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి, మన జిల్లాల నుంచి కూడా కార్మికులు వస్తారు. ఉన్న కొద్దిపాటి భూమితో గడవక, ఇంటి పక్కనే నాలుగు గదులు వేసి కిరాయికిచ్చుకునే చిన్న రైతులూ ఉన్నారు. మనుషులు, మూటలు, పాత మంచాలు ఎక్కడ ఎక్కువగా చేతులు మారతాయో నల్లి అక్కడికి తొందరగా చేరుతుంది.

నల్లి కుడితే ప్రాణం పోదు. కానీ నల్లిని చంపబోయి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. అటక మీద పత్తి మందు డబ్బా ఉంది కదా అని మంచానికి కొట్టడం, ధాన్యానికి వాడే బిళ్లలు పడుకునే అర్రలో పెట్టడం ప్రమాదకరం. అందుకే ఈ వారం నల్లి సంగతి వివరంగా తెలుసుకుందాం.

ఏ నల్లి ఏది?

రైతుకు నల్లి అనే మాట కొత్తది కాదు. మిరపలో తెల్లనల్లి, కూరగాయల్లో ఎర్రనల్లి, వరిలో కంపునల్లి, జొన్నలో కంకినల్లి అంటూనే ఉంటాం. పేరు ఒకటే అయినా ఇవన్నీ ఒక జాతివి కావు.

మిరప తెల్లనల్లి, ఎర్రనల్లి అసలు కీటకాలే కావు. వాటికి ఎనిమిది కాళ్లుంటాయి. సాలీడుకు, పశువుల పిడుదులకు దగ్గరి చుట్టాలు. మంచంలో నల్లికి ఆరు కాళ్లు. ఇది కీటకం. వరిలో పాలకంకిని పీల్చే కంపునల్లి, జొన్న కంకినల్లి దీనికి దూరపు బంధువులు. అవి సూదిలాంటి మూతితో గింజ పాలు పీలిస్తే, ఇది అదే రకం మూతితో మన రక్తం పీలుస్తుంది. కంపునల్లి లాగే దీనికీ ఒక వాసన ఉంటుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, దుకాణానికి పోయి ‘నల్లి మందు’ అని అడిగితే మిరపనల్లి మందు చేతిలో పెడతారు. పంటనల్లి కోసం తయారైన మందు మంచం నల్లి మీద పనిచేయదు. డబ్బులు దండగ, ఇంట్లోకి విషం తెచ్చుకున్నట్లు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఉష్ణమండలపు నల్లి. శాస్త్రీయ నామం సైమెక్స్ హెమిప్టెరస్. చలి దేశాల్లో ఉండే రకం పేరు సైమెక్స్ లెక్టులారియస్. మామూలు కంటికి రెండూ ఒకేలా ఉంటాయి.

చూడటానికి ఎలా ఉంటుంది?

ఎదిగిన నల్లి ఉలవ గింజంత ఉంటుంది. రంగు కూడా ఇంచుమించు ఉలవ రంగే. ఆకలితో ఉన్నప్పుడు కాగితంలా పలచగా, రక్తం తాగాక ఉబ్బి ఎర్రగా, కొంచెం పొడవుగా కనిపిస్తుంది. రెక్కలుండవు, ఎగరలేదు, గెంతలేదు. పాకుతుంది, అదీ గబగబా.

గుడ్డు తెల్లగా, ఒక మిల్లీమీటరు పొడవుంటుంది. గసగసాల గింజను కొద్దిగా సాగదీసినట్లు ఉంటుందనుకోండి. గుడ్డు జిగురుతో అంటుకుని ఉంటుంది కాబట్టి దులిపితే రాలదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గడ్డి రంగులో ఉంటుంది. తెల్ల దుప్పటి మీద కనిపించదు. రక్తం తాగితేనే పొట్టలో ఎర్ర చుక్కలా తెలుస్తుంది.

పిల్ల పెద్దదయ్యే లోపల ఐదుసార్లు కుబుసం విడుస్తుంది. ఒక్కోసారి కుబుసం విడవడానికి ఒక్కసారైనా కడుపునిండా రక్తం తాగాలి. మన వేడికి గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి. గుడ్డు నుంచి ఎదిగిన నల్లి కావడానికి నెల నుంచి నెలన్నర చాలు. ఆడది రోజుకు రెండు మూడు చొప్పున, బతికినంత కాలంలో 200కు పైగా గుడ్లు పెడుతుంది. గర్భంతో ఉన్న ఒక్క ఆడనల్లి మీ ఇంట్లో అడుగు పెడితే చాలు, కొన్ని నెలల్లో ఇల్లంతా పాకుతుంది.

కాటును బట్టి చెప్పొచ్చా?

కాటును మాత్రమే చూసి నల్లి అని తేల్చలేం. నల్లి కుట్టేటప్పుడు దాని లాలాజలంలో తిమ్మిరెక్కించే పదార్థం, రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంటాయి. అందుకే 5 నుంచి 10 నిమిషాలు రక్తం తాగినా మనకు మెలకువ రాదు. తర్వాత దద్దు లేస్తుంది, దురద పెడుతుంది. కొందరికి వెంటనే, కొందరికి రోజుల తర్వాత. అసలు దద్దే లేవనివాళ్లూ ఉంటారు. ఒకే మంచం మీద పడుకున్న భార్యకు దద్దుర్లు లేచి, భర్తకు లేవకపోతే ‘నీకే ఏదో చర్మరోగం’ అనుకోవద్దు. ఇద్దరినీ కుట్టి ఉండొచ్చు.

మెడ, చేతులు, కాళ్లు వంటి దుప్పటి కప్పని చోట దద్దుర్లు వరుసగా మూడు నాలుగు ఉంటే నల్లిని అనుమానించాలి. దోమకాటు ఇలా వరుసలో ఉండదు. పేలు తలలో, బట్టల్లో మనిషి మీదే ఉంటాయి. పిడుదు చర్మానికి అంటుకుని వేలాడుతుంది. కుక్క మీది నుంచి వచ్చే పురుగు గెంతుతుంది, ఎక్కువగా మడమల దగ్గర కుడుతుంది. నల్లి తాగేసి వెళ్లి దాక్కుంటుంది.

నల్లి కాటు వల్ల మనిషికి రోగాలు అంటుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. కానీ గోకితే పుండ్లు పడి చీము పడుతుంది. నిద్ర చెడుతుంది. నల్లులు విపరీతంగా ఉన్న ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు రక్తం తగ్గి నీరసపడిన సందర్భాలున్నాయి. దద్దుర్లతో జ్వరం, వాపు ఉంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

ఎక్కడ వెతకాలి?

నల్లి ఒక్కటి కనిపించినా, కనిపించకపోయినా దాని గుర్తులు దొరుకుతాయి. ఈ నాలుగు చూడండి.

1. దుప్పటి మీద, బొంత కుట్ల మీద నల్లటి చుక్కలు. పెన్ను మొన తగిలినట్లుంటాయి. తడిపి రుద్దితే ఎర్రగా, గోధుమ రంగులో అలుక్కుంటాయి. ఇది నల్లి పెంట.
2. పొర్లినప్పుడు నలిగిన నల్లి వల్ల పడే ఎర్రటి రక్తపు మరకలు.
3. మంచం మూలల్లో పొట్టులాంటి కుబుసాలు.
4. గుడ్లు, పొదిగిన గుడ్ల డొల్లలు.

రాత్రి రెండు మూడు గంటలప్పుడు, లేదా తెల్లవారుజామున లేచి ఒక్కసారిగా టార్చిలైటు వేసి చూడండి. మనిషి ఊపిరి, ఒంటి వేడిని బట్టి నల్లి బయటికి వచ్చే సమయమది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లకు పగలే కుడుతుంది. షిఫ్టుల ప్రకారం ఒకరి తర్వాత ఒకరు అదే మంచం మీద పడుకునే గదుల్లో నల్లికి రాత్రీ పగలూ మేతే.

నులక మంచమైతే నులక అల్లిక ముడుల్లో, పట్టెలు మంచం కోళ్లలో దిగే బెజ్జాల్లో చూడాలి. నవారు మంచమైతే నవారు మడతల్లో. ఇనుప పైపు మంచాలకు పైపు చివర మూత ఊడిపోతే లోపలంతా నల్లుల ఇల్లే. చెక్క మంచానికి పలకల సందులు, మేకుల రంధ్రాలు. పరుపు, బొంత, దిండు అయితే కుట్ల వెంట. ఇవి చూశాక గోడ బీటలు, దర్వాజ సందులు, గోడకు వేలాడే క్యాలెండరు, ఫొటోల వెనక, స్విచ్ బోర్డు చుట్టూ, ట్రంకు పెట్టె మూలలు, గోనె సంచుల మడతలు చూడండి. పోస్టుకార్డు అంచు దూరే సందు చాలు, నల్లి దూరుతుంది.

ఎలా వస్తాయి?

మురికిగా ఉన్న ఇంటికే నల్లి వస్తుందన్నది అపోహ. నల్లికి చెత్త అక్కర్లేదు, రక్తం కావాలి. మూటముల్లె, సూట్‌కేసు, హాస్టలు నుంచి వచ్చిన పిల్లల పెట్టె, తక్కువ ధరకు కొన్న పాత మంచం, సోఫా, బస్సు సీటు ద్వారా వస్తుంది. పక్క గది నుంచి గోడ బీటల్లోంచీ వస్తుంది.

కాబట్టి ‘కార్మికులే తెచ్చారు’ అని కిరాయిదారును తిట్టడం, ‘నీ గదిలోనే ఉన్నాయి’ అని యజమానిని కిరాయిదారు నిందించడం వల్ల ఒరిగేదేమీ లేదు. సిగ్గుపడి దాచిపెట్టడం అంతకన్నా నష్టం. దాచిన ప్రతి వారానికీ గుడ్లు పెరుగుతాయి.

మందుకు ఎందుకు చావవు?

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1950లలో మలేరియా నివారణకు ఊరూరా గోడలకు డిడిటి కొట్టారు. మొదట్లో దోమలతో పాటు నల్లులూ పోయాయి. తర్వాత నల్లి డిడిటిని లెక్కచేయడం మానేసింది. 1947లోనే అమెరికా నౌకాదళం ఉన్న హవాయి దీవుల పెర్ల్ హార్బర్ బ్యారక్‌లలో డిడిటికి చావని నల్లులు బయటపడ్డాయి. తర్వాత వచ్చిన పైరిథ్రాయిడ్ మందులకూ అదే గతి పట్టింది.

పత్తి రైతుకు ఇది కొత్త పాఠం కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద పచ్చపురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగక రైతులు ఎంత నష్టపోయారో తెలిసిందే. ఎంత కొడితే అంత మొండికేసింది. నల్లి కథ కూడా అదే. మందుకు తట్టుకున్నవే మిగిలి పిల్లల్ని కంటాయి. పైగా ఇంట్లో మందు కొట్టినప్పుడు బతికిన నల్లులు చెదిరి పక్క అర్రలోకి పోతాయి. గుడ్ల మీద చాలా మందులు పనిచేయవు.

పొలం మందు వద్దే వద్దు

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవద్దంటారు. నల్లి కోసం ఇంట్లో పొలం మందు కొట్టడం అలాంటిదే.

పొలంలో కొట్టిన మందు ఎండకు, గాలికి, వానకు కొన్నాళ్లకు విరిగిపోతుంది. మూసిన అర్రలో గోడ మీద, మంచం మీద అదే మందు చాలా కాలం నిలుస్తుంది. రాత్రంతా ముక్కు దాని పక్కనే పెట్టుకుని పడుకుంటాం. పాకే పిల్లలు నులక పట్టుకుని, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు.

నువాన్ పేరుతో ఊళ్లలో అందరికీ తెలిసిన డైక్లోరోవాస్‌ను నల్లికి వాడే అలవాటు చాలా చోట్ల ఉండేది. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధించింది. వాటిలో డైక్లోరోవాస్, ఫోరేట్ గుళికలు కూడా ఉన్నాయి. ఈ రెంటికీ 2020 డిసెంబరు 31తో గడువు ముగిసింది. పాత డబ్బా అటక మీద ఇంకా ఉంటే దాన్ని వాడకండి.

ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మరీ ప్రమాదం. తేమ తగిలితే వీటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల బిళ్ల ఒక గ్రాము వాయువును వదులుతుంది. తలుపు సందుల్లోంచి పక్క గదిలోకీ పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మంచం కింద బిళ్ల పెట్టి అదే ఇంట్లో పడుకుంటే పిల్లలు తెల్లారి లేవకపోవచ్చు. ఈ బిళ్లలను శిక్షణ పొందినవాళ్ల పర్యవేక్షణలోనే వాడాలన్నది నిబంధన.

డబ్బా మీద చతురస్రాకారపు గుర్తు చూడండి. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం. తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ రంగు ఉన్నా పంటకని రాసి ఉంటే అది ఇంటికి కాదు. ఇంటి వాడకానికి, నల్లికి అని చీటీ మీద స్పష్టంగా ఉన్న మందునే, సందుల్లో మాత్రమే, చీటీలో చెప్పినట్లే వాడాలి. పరుపు, దుప్పటి మీద కొట్టకూడదు. మనిషిని పిలిపించి కొట్టిస్తే, లైసెన్సు ఉన్నదా, ఏ మందు కొడుతున్నాడు అని అడగండి.

పొరపాటున మందు సోకి నోట చొంగ, చెమటలు, వాంతులు, కనుపాప సూదిమొనంత కావడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మనిషిని గాలి తగిలే చోటికి తేవాలి. బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి. వాంతి చేయించవద్దు. వెంటనే 108కి ఫోను చేసి, డబ్బాను కూడా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

వేడే అసలు మందు

నల్లి ఏ మందుకు అలవాటు పడినా వేడికి తట్టుకోలేదు. 48 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. 50 డిగ్రీలు దాటితే ఇంకా తొందరగా చస్తుంది. అమ్మమ్మల కాలంలో నులక మంచం మీద మరిగే నీళ్లు పోసి ఎండలో నిలబెట్టేవారు. ఆ పద్ధతి సరైనదే. కొంచెం జాగ్రత్తగా చేస్తే చాలు.

మంచం: వాకిట్లోకి తెచ్చి, కోళ్ల బెజ్జాల్లో, పట్టెల సందుల్లో, నులక ముడుల మీద మసిలే నీళ్లు నెమ్మదిగా పోయాలి. గోరువెచ్చని నీళ్లు పనికిరావు. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంట్లో గోడలకు, స్విచ్ బోర్డుల దగ్గర నీళ్లు పోయకూడదు.

బట్టలు, దుప్పట్లు: అర్రలో విదిలించకుండా అక్కడే సంచిలో వేసి మూతి కట్టి బయటికి తేవాలి. మసిలే నీళ్లలో అరగంట నానబెట్టి ఉతకాలి.

బొంతలు, పరుపులు, గొంగళ్లు: ఎండలో ఊరికే పరిస్తే నల్లులు నీడ ఉన్న కింది వైపుకు పాకి తప్పించుకుంటాయి. నల్ల పాలిథిన్ షీటులో చుట్టి, అంచులు గట్టిగా కట్టి, వేసవి ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండల మీద ఉంచండి. మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. నారుమడికి పాలిథిన్ కప్పి నేలను వేడెక్కించే పద్ధతి లాంటిదే ఇది. మందమైన పరుపుకు రెండు మూడు రోజులు చేయాలి.

గోడలు: బీటలు, దర్వాజ సందులు సిమెంటుతోనో, సున్నంతోనో పూడ్చండి. పైపు మంచం రంధ్రాలకు మూతలు బిగించండి.

మంచం కోళ్ల కింద: నాలుగు గిన్నెల్లో నీళ్లు పోసి కొద్దిగా బట్టల సబ్బు పొడి కలిపి కోళ్లు అందులో పెట్టండి. మంచం గోడకు తగలకూడదు, దుప్పటి నేల మీద వేలాడకూడదు. మన ఉష్ణమండలపు నల్లి నున్నటి గిన్నె గోడలు కూడా ఎక్కగలదు, అందుకే ఉత్త గిన్నె చాలదు, సబ్బునీళ్లు ఉండాలి. రోజూ పొద్దున చూస్తే గిన్నెలో పడ్డ నల్లులను బట్టి తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది.

ఒక్కసారి చేసి ఊరుకోవద్దు. మిగిలిన గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి. పదో రోజున మళ్లీ, ఇరవయ్యో రోజున మూడోసారి చేయాలి. ఆ తర్వాత నెల రోజుల పాటు ఒక్క కొత్త చుక్క కూడా కనిపించకపోతే నల్లి పోయినట్లు.

కిరాయి గదుల వాళ్లకు

వరస గదుల్లో ఒక్క గది శుభ్రం చేస్తే లాభం లేదు. అన్ని గదుల్లో ఒకే రోజు చేయాలి. అందరికీ సెలవున్న రోజు చూసుకుని, యజమాని నీళ్లకు పొయ్యి, పాలిథిన్ ఏర్పాటు చేస్తే, ఉండేవాళ్లు చెయ్యి వేస్తే ఒక పూటలో అవుతుంది. గది ఖాళీ అయినప్పుడు కొత్తవాళ్లు దిగేలోపు గోడ బీటలు పూడ్చి సున్నం వేయండి. నల్లులున్న మంచాన్ని రోడ్డు పక్కన పడేస్తే ఇంకొకరు ఇంటికి తీసుకుపోతారు. బాగుచేయండి, లేదా విరగ్గొట్టి పనికిరాకుండా చేయండి.

రైతుల సందేహాలు

*గదికి తాళం వేసి నెల రోజులు ఊరికి పోతే చస్తాయా?*
చావవు. చల్లటి చోట ఎదిగిన నల్లి ఏడాది దాకా తిండి లేకుండా ఉండగలదు. మన వేడిలో అంతకాలం బతకదు గానీ నెల రోజులకు చావదు.

*వేరే అర్రలో పడుకోవచ్చా?*
వద్దు. మీ వెంట పక్కబట్టల్లో అక్కడికీ వస్తాయి. అక్కడే పడుకుని, మంచం కోళ్లను గిన్నెల్లో పెట్టండి.

*వేపాకు పొగ, కిరసనాయిలు?*
పొగకు నల్లి సందుల్లోంచి బయటికి రావచ్చు గానీ గుడ్లు చావవు. కిరసనాయిలు తగిలిన నల్లి చస్తుంది, కానీ పడుకునే చోట నిప్పు ప్రమాదం. వాడకండి.

*ఆకులతో పట్టవచ్చంటారు, నిజమా?*
యూరపులోని బాల్కన్ దేశాల్లో రాత్రి మంచం చుట్టూ బీన్స్ ఆకులు పరిచి, పొద్దున నల్లులతో సహా ఊడ్చి తగలబెట్టేవారు. ఆకు మీది కొక్కెంలాంటి సన్నటి నూగు నల్లి కాళ్లలో దిగబడి కదలనీయదని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. కూరగాయ తోటలో బీన్స్ వేసినవారు చూడవచ్చు. కానీ ఇది నల్లిని పట్టే ఉపాయమే, గుడ్లను పోగొట్టేది కాదు.

*కోళ్ల గూట్లో కూడా ఉంటాయా?*
ఉండవచ్చు. నల్లి కోళ్లు, పావురాల రక్తం కూడా తాగుతుంది. గూడు ఇంటి గోడకు ఆనుకుని ఉంటే దాని చెక్క సందులూ చూడండి, దూరంగా జరపండి.

పాత మంచం, సోఫా కొన్నా, హాస్టలు నుంచి పిల్లవాడి పెట్టె వచ్చినా వాకిట్లోనే ఒకసారి సందులు చూసి, ఎండలో పెట్టి లోపలికి తెచ్చుకోండి. అటక మీద ఉన్న మందు డబ్బాలను పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. మసిలే నీళ్లు, నల్ల పాలిథిన్, మన ఎండ, నెల రోజుల ఓపిక ఉంటే నల్లి బాధ తీరుతుంది.